మీకు తెలుసా? మందు కొడితే మాడిపోయే గులాబీ

● గులాబీ పెంచేవాళ్లకు నల్లమచ్చ తెగులు పేరు చెబితేనే దడ. రుగోసా గులాబీ జోలికి అది అంతగా రాదు. తెగులు రాకముందే జాగ్రత్తపడదామని మందు కొడితే మాత్రం ఆకులు మాడి రాలిపోతాయి!

● లాటిన్‌లో ‘రుగోసా’ అంటే ముడతలు పడినదని. ఆకును ఒకసారి తడిమితే చాలు, అర్థమవుతుంది.

● దీని పుట్టిల్లు ఉత్తర జపాన్, కొరియా, సఖాలిన్, కమ్చట్కా సముద్రతీరాలు. వేళ్లు ఇసుకలో, ఆకులు ఉప్పుగాలిలో. మైనస్ 40 డిగ్రీల చలికీ చావదు. జపాన్‌లో దీన్ని ‘హమనసు’ అంటారు. సామ్రాజ్ఞి మసాకో సొంత చిహ్నం ఈ పువ్వే.

● 1905లో ఫ్రాన్స్ నుంచి కెనడాలోని అల్బర్టాకు వలస వెళ్లిన జార్జ్ బ్యున్యే ఫ్రెంచ్‌లో నవలలు రాశాడు. అక్కడి చలికి ఆగే గులాబీ కావాలని రుగోసాను అడవి గులాబీలతో ఏళ్ల తరబడి సంకరం చేశాడు. అలా పుట్టిన ‘తెరేజ్ బ్యున్యే’ 1950లో బయటికొచ్చింది. ఆయన నవలలు చదివినవాళ్ల కన్నా ఈ మొక్క నాటినవాళ్లే ఎక్కువని నా అనుమానం.

● కొనేటప్పుడు అంటుమొక్క వద్దు, సొంత వేరు మీద పెరిగిందే తీసుకోవాలి. రుగోసా విపరీతంగా పిలకలు వేస్తుంది. అంటుమొక్కయితే ఏది అసలు గులాబీ పిలకో, ఏది కింది మొక్క పిలకో తేల్చుకోలేక తల పట్టుకోవాలి. సొంత వేరుదైతే పిలకను తవ్వి ఇంకోచోట పాతుకోవచ్చు, ఖర్చు లేదు. ఎండ తగలాలి, నీరు నిలవకూడదు. సున్నం ఎక్కువున్న నేలలో ఆకులు పసుపుబారిపోతాయి. చలికాలం చివర ముసలి కొమ్మలను మొదలుకంటా కోసేస్తే చాలు.

● వాడిన పూలను తుంచకండి. ఒంటిరేకు రకాలకు చిన్న టమాటాల్లాంటి ఎర్రటి కాయలొస్తాయి, వాటినిండా విటమిన్ సి. స్వీడన్‌లో గులాబీకాయలతో తియ్యటి సూప్ కాస్తారు. లోపలి గింజలను, నూగును శుభ్రంగా తీసేయాలి సుమా, ఆ నూగు దూలగొండికి చిన్న తమ్ముడు!

● ఈ కాయలు సముద్రంలో తేలుతూ పోయి కొత్త తీరాల్లో మొలుస్తాయి. అమెరికాలో కేప్ కాడ్ బీచ్‌కి వెళ్లిన మనవాళ్లు ఫొటోలు దిగే గులాబీ పొదలు చాలావరకు ఇవే. ఇసుకదిబ్బల మీది స్థానిక మొక్కలను మింగేస్తోందని ఫిన్లాండ్‌లో 2022 జూన్ నుంచి ఈ మూల జాతిని ఇంటి తోటలో కూడా పెంచనివ్వడం లేదు.