పొగ కక్కే ట్రాక్టరుకు పంపు విప్పే ముందు నాజిల్ చూడాలి

పెద్దవూర: నాట్ల అదనులో ట్రాక్టరు నల్లపొగ కక్కుతూ దమ్ము చక్రాలు లాగలేక నిలిచిపోతే, రైతుకు మొదట అనుమానం వచ్చేది డీజిల్ పంపు మీదనే. "పంపు పోయింది" అన్న ఒక్క మాటకు దాన్ని విప్పి పట్నానికి మోసుకుపోవడం, వేలు వదిలించుకోవడం జరుగుతున్నది. చాలాసార్లు దోషం పంపులో ఉండదు, దానికంటే ఎంతో చౌకైన నాజిల్‌లో ఉంటుంది.

1967లో సాగర్ ఎడమ కాలువకు నీరు వదిలిన తరువాత మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరితో పాటే ట్రాక్టర్లూ పెరిగాయి. 1951లో మొదలైన మైకో కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారినా, పాత మెకానిక్కులకు అది ఇంకా మైకో పంపే. 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు 2023 నుంచి పొగ నిబంధనలు బిగిశాయి. పాత బండ్లలో మాత్రం కంప్యూటరు లేదు, అంతా స్ప్రింగులు, ప్లంజర్ల పనే.

ఇక్కడ ఒత్తిడి రెండు రకాలన్నది మరువరాదు. ఫీడ్ పంపు నుంచి ఫిల్టరు దాటి వచ్చే డీజిల్‌కు చదరపు సెంటీమీటరుకు ఒకటి, రెండు కిలోల ఒత్తిడి చాలు. పంపు దాటాక నాజిల్ తెరుచుకోవాలంటే బండిని బట్టి 175 నుంచి 250 కిలోల దాకా కావాలి. లారీ టైరులో గాలి ఏడు కిలోలన్న సంగతి తెలిసినవారికి ఆ బలం అర్థమవుతుంది. చిన్న గేజి తెచ్చి ఈ పైపుకు బిగిస్తే పగిలిపోతుంది.

ముందు గాలి ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు చూడాలి. చేతి పంపు కొట్టి బుడగలు పోయేదాకా గాలి తీయాలి. తరువాత ఇంజను నెమ్మదిగా నడుస్తుండగా గుడ్డ చుట్టి ఒక్కో నాజిల్ పైపు నట్టు కాస్త వదులు చేస్తే, ఏ సిలిండరు దగ్గర ఇంజను శబ్దం మారదో అక్కడే లోపం.

ఆ నాజిల్‌ను చేతి టెస్టరుకు బిగిస్తారు. లీవరు మెల్లగా నొక్కితే ముల్లు పైకి పోయి, కంపెనీ చెప్పిన అంకె దగ్గర కర్రుకర్రుమంటూ అన్ని రంధ్రాల నుంచి మంచులా చిమ్మాలి. ధారగా పడితే పనికిరాదు. తెరుచుకునే అంకెకు 20 కిలోలు తక్కువలో పది సెకన్లు పట్టి ఉంచినా మొన తడవకూడదు. కారే నాజిల్ పొగతో ఆగదు, లైనరు మీది ఆయిలును కడిగి ఇంజనుకే చేటు తెస్తుంది. స్ప్రింగు నీరసిస్తే మరతోనో, పలుచని రేకులతోనో ఒత్తిడి సరిచేస్తారు. ఎక్కువ పెడితే బలమొస్తుందనుకోవడం పొరపాటు. అన్ని సిలిండర్లకూ ఒకే అంకె ఉండాలి. కొత్త నాజిల్‌నైనా టెస్టరు మీద చూడకుండా బిగించరాదు.

ఆ చిమ్ముకు చేయి అడ్డం పెట్టడం మాత్రం ప్రమాదం. డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది పోటంతే కనిపిస్తుంది, నొప్పీ వెంటనే ఉండకపోవచ్చు. పసుపు అద్ది ఊరుకుంటే వేలు తీసేయవలసి రావచ్చు. గంటల్లోనే ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి పోయి, డీజిల్ పోటు అని డాక్టరుకు చెప్పాలి.

రిపేరుకు ఇచ్చిన రైతు ఏ నాజిల్ ఎన్ని కిలోల దగ్గర తెరుచుకున్నదో చీటీ మీద రాయించుకోవాలి. వచ్చే ఏడు పొగ వచ్చినపుడు ఆ చీటీయే మెకానిక్కుకు ఆధారం.