చేతిఫోనున తెలుగు పాఠము: యాప్ నిర్మాణమున రూపనిర్ణయము

విరుదునగరము జిల్లాయందలి రాజపాళయము తెలుగు మాటలాడు రాజుల కుటుంబములు తరతరములుగా నివసించుచున్న పట్టణము. ఇచ్చటి పిల్లలలో అనేకులు ఇంట తెలుగు మాటలాడుదురు గాని, చదువను వ్రాయను తమిళమునందే నేర్తురు. 2006లో చేయబడిన తమిళాభ్యసన చట్టము మొదటి తరగతి మొదలుకొని క్రమముగా తమిళమును నిర్బంధ పాఠ్యాంశము గావించినది. తదాదిగా లిపి నేర్పు భారము ఇండ్లపైనను, భాషాసంఘములపైనను మరింత పడినది. ఈ పనికి చేతిఫోను యాప్ ఉపకరింపగలదు. అది ఏ రూపమున నుండవలెనను ప్రశ్నయే ఈ వ్యాసమునకు విషయము.

రూపములు ప్రధానముగా మూడు. మొదటిది నేటివ్ యాప్. ఆండ్రాయిడ్‌కు కోట్లిన్ భాషలోను, ఐఫోన్‌కు స్విఫ్ట్ భాషలోను వేర్వేరుగా వ్రాయబడును. వేగము హెచ్చు, ఫోనునందలి సకల సాధనములును దీనికి లొంగును. కాని పని రెండింతలు, పోషణయు రెండింతలు. రెండవది వెబ్ యాప్. ఇది బ్రౌజరులో తెరచుకొనును. లింకు పంపిన చాలును. సర్వీస్ వర్కర్ అను ఏర్పాటుచే పాఠములను ఫోనులో నిలువయుంచి, ఇంటర్నెట్ లేనప్పుడును చదివింపవచ్చును. మూడవది ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ వంటి సాధనములతో ఒకే ప్రోగ్రామును రెండు విధములైన ఫోనులకును సిద్ధపరచుట.

తెలుగునకు ప్రత్యేకముగా విచారింపవలసినది అక్షరముల కూర్పు. యూనికోడ్‌లో ‘స్త్రీ’ అనునది ఆరు సంకేతముల వరుస. దానిని ఒక్క అక్షరముగా తీర్చునది వేరొక యంత్రాంగము. నేటివ్ యాప్ ఫోనునందలి యంత్రాంగమును, వెబ్ యాప్ బ్రౌజరు యంత్రాంగమును ఆశ్రయించును. ఫ్లట్టర్ తన యంత్రాంగమును తానే వెంట తెచ్చుకొనును. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ వలె కనబడు ఒక సంకేతముల వరుస ఐఫోన్లలో యాప్‌లను స్తంభింపజేసినది. ఆ నెలలోనే ఆపిల్ సంస్థ 11.2.6 సవరణతో దానిని సరిదిద్దినది. కావున ఏ రూపమైనను, ద్విత్వ సంయుక్తాక్షరములను పాత ఫోనులపైనను పరీక్షింపకుండ పిల్లల కీయరాదు.

రెండవ విచారము వ్యయము. గూగుల్ ప్లేలో నిర్మాతగా చేరుటకు ఒక్కమారు 25 డాలర్లు, ఆపిల్ వద్ద ఏటేట 99 డాలర్లు చెల్లింపవలెను. అంతకన్న పెద్ద భారము పోషణ. గూగుల్ ప్లే తన నిబంధనలను ఏటేట పెంచును. వానికి అనుగుణముగా సవరింపబడని యాప్ క్రమముగా క్రొత్త ఫోనులవారికి అందకపోవును. ప్రోగ్రాము వ్రాసియిచ్చిన యువకుడు ఉద్యోగార్థము ఊరు విడిచిన పిదప ఎవరు సవరింతురు? చిన్న సంఘములు తొలుతనే ఆలోచింపవలసిన ప్రశ్న యిదియే.

అక్షరములు చూపుట, పదములు వినిపించుట, గీతపై వ్రేలితో దిద్దించుట, చిన్న ప్రశ్నలడుగుట వెబ్ యాప్‌కు సాధ్యములే. తప్పు దిద్దిన వెంటనే సవరించిన పాఠము అందరికిని చేరును. కావున ఇట్టి ప్రయత్నమున కదియే తొలి మెట్టుగా తగినది. స్టోరులోను ఉండవలెనన్నచో మూడవ రూపమును, వేరు దారి లేని సాధనము కావలసివచ్చినపుడే మొదటి రూపమును ఎన్నుకొనవలెను.

ఏది యెన్నుకొన్నను పాఠములను, ధ్వనిముద్రికలను ప్రోగ్రామునకు వేరుగా యూనికోడ్ పాఠముగాను, సాధారణ ధ్వని ఫైళ్లుగాను భద్రపరుపవలెను. రూపము పది సంవత్సరములలో మారవచ్చును. పెద్దల నోట మిగిలియున్న రాజపాళయపు పలుకుబడిని మరల సేకరించుట అప్పటికి సాధ్యము కాకపోవచ్చును. భాషాభిమానులు ఈ విషయమును పరిశీలింతురు గాక.