రాత్రిపూట దురద ఎక్కువా?

ఒంటిమీద పొక్కులతో వచ్చిన పిల్లల తల్లిదండ్రులను చర్మవైద్యులు తప్పకుండా అడిగే ప్రశ్నలు రెండున్నాయి. “రాత్రిపూట దురద ఎక్కువగా ఉంటోందా? ఇంట్లో ఇంకెవరైనా గోక్కుంటున్నారా?” రెండో ప్రశ్నకు చాలామంది కాస్త నొచ్చుకుంటారు. చూపించడానికి తెచ్చింది పిల్లవాణ్ణి, మా సంగతి మీకెందుకన్నట్టు ముఖం పెడతారు. రెంటికీ ‘అవును’ అనే జవాబు వస్తే మాత్రం, ఏ పరీక్షా చేయకముందే వైద్యుడి అనుమానం గజ్జి మీదికి పోతుంది.

గజ్జి పురుగు సాలీళ్లకు దూరపు చుట్టం. పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆడపురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ, రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతూ నెల, నెలన్నర బతుకుతుంది. ఒళ్లంతా రక్కుకుంటున్న పిల్లవాడి మీద పురుగులు వందల్లో ఉంటాయనుకుంటాం గానీ, మామూలుగా ఉండేవి పదీ పదిహేనే. ఆ కాసిన్ని పురుగులకూ, వాటి గుడ్లకూ, మలానికీ మన శరీరం చూపే అలర్జీయే ఆ దురదంతా. మొదటిసారి గజ్జి సోకినవారిలో ఈ అలర్జీ పుట్టడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే, పిల్లవాడు గోక్కోవడం మొదలుపెట్టేనాటికే పక్కలో పడుకునే తమ్ముడికో, నాయనమ్మకో పురుగు చేరిపోయి ఉండొచ్చు. వాళ్లకింకా దురద లేదు కాబట్టి జబ్బు లేదనుకుంటారు.

ఈ పురుగే జబ్బుకు కారణమని 1687లో ఇటలీలోని లివోర్నోలో బొనోమో, చెస్తోనీ అనే ఇద్దరు సూక్ష్మదర్శిని కింద చూసి చెప్పారు. అది ఎలా అంటుకుంటుందన్నది తేలడానికి మరో రెండున్నర శతాబ్దాలు పట్టింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ సైన్యంలో గజ్జి ముదిరింది. దుప్పట్ల వల్లే వస్తోందని నమ్మి, వాటిని శుద్ధి చేయడానికి బోలెడంత ఖర్చు పెట్టేవారు. 1941లో షెఫీల్డ్‌లో కెన్నెత్ మెలన్‌బీ అనే కీటక శాస్త్రవేత్త, యుద్ధం చేయడానికి మనస్సాక్షి ఒప్పుకోదన్న యువకుల మీద, వాళ్ల అంగీకారంతోనే ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. గజ్జి ఉన్న సైనికులు విడిచిన లోదుస్తులు తొడుక్కుని, వాళ్లు కప్పుకున్న దుప్పట్లలోనే ఆ యువకులు పడుకున్నారు. అయినా చాలా కొద్దిమందికే గజ్జి పట్టింది. రోగితో ఒకే పక్క మీద, ఒళ్లూ ఒళ్లూ తగిలేలా పడుకున్నప్పుడు మాత్రం సులువుగా అంటుకుంది. హాస్టళ్లలో పక్కపక్కనే చాపలు పరుచుకుని పడుకునే పిల్లలకు గజ్జి అంత తొందరగా ఎందుకు పాకుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. మురికిగా ఉండేవాళ్లకే వస్తుందన్న నింద మాత్రం అన్యాయం. రోజూ రెండుపూటలా స్నానం చేసే పిల్లలకూ వస్తుంది.

గుర్తుపట్టడానికి చూడాల్సిన చోట్లు వేళ్ల సందులు, మణికట్టు, చంకలు, బొడ్డు చుట్టూ, పిరుదులు. మగపిల్లలకు మర్మాంగం మీద గట్టి గడ్డల్లాంటి పొక్కులు లేస్తాయి. నెలల పసికందుల్లో అరచేతుల్లో, అరికాళ్లలో నీటిపొక్కులుగా కనిపించి, తల మీదికీ పాకుతుంది.

మందు దొరకక గజ్జి మొండికేస్తోందని అనుకోవద్దు. ఎక్కువగా వాడే పద్ధతిలోనే పొరపాటు జరుగుతుంది. 5 శాతం పెర్మెత్రిన్ క్రీమును పొక్కులున్న చోట చుక్కలుగా అద్దితే లాభం లేదు. మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద, వేళ్ల సందుల్లో కూడా అందేలా రాయాలి. పసిపిల్లలకు కళ్లూ నోరూ వదిలి తలకూ ముఖానికీ రాయమంటారు. రాత్రి రాసి 8 నుంచి 14 గంటలు ఉంచి పొద్దున్నే స్నానం చేయించాలి. వారం తర్వాత మళ్లీ ఒకసారి. ఇదంతా ఇంట్లో అందరూ, దురద ఉన్నా లేకపోయినా, ఒకే రాత్రి చేయాలి. రెండు నెలల లోపు బిడ్డకు వైద్యుడు చెప్పకుండా ఏదీ రాయకూడదు. ఒంటిని వదిలిన పురుగు రెండు మూడు రోజుల కన్నా బతకదు కాబట్టి బట్టలూ పక్కదుప్పట్లూ వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేస్తే సరిపోతుంది. పురుగులన్నీ చచ్చాక కూడా దురద రెండు నుంచి నాలుగు వారాలు మిగిలి ఉంటుంది. ఈ సంగతి తెలియక రోజూ క్రీము పూసి చర్మాన్ని మండించుకునేవాళ్లు చాలామంది.

ఊళ్లకు ఊళ్లే గజ్జితో బాధపడే ఫిజీ దీవుల్లో ఐవర్‌మెక్టిన్ మాత్రను జనమంతటికీ ఇచ్చి చూశారు. 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం, అంతకుముందు నూటికి 32 మందిలో ఉన్న గజ్జి ఏడాదిలో 2 శాతం లోపుకు దిగింది. ఆ మందును కనిపెట్టిన ఒమురా, క్యాంప్‌బెల్‌లకు అదే ఏడాది నోబెల్ బహుమతి వచ్చింది. 15 కిలోల బరువు దాటిన పిల్లలకు వైద్యుల సలహాతో ఈ మాత్ర వాడొచ్చు.

గోకిన చోట చీము పట్టి, తేనెరంగు పక్కులు కట్టడం తర్వాతి మెట్టు. ఇక్కడ అసలు దోషులు స్ట్రెప్టోకాకస్, స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియాలు. ఇవి మామూలు కురుపులే కదా అని వదిలేయకూడదు. పుండ్లలో స్ట్రెప్టోకాకస్ చేరిన మూడు నుంచి ఆరు వారాలకు కొందరు పిల్లల్లో మూత్రపిండాలు వాస్తాయి. పొద్దున లేవగానే ముఖం ఉబ్బడం, మూత్రం డికాక్షన్ రంగులోకి మారడం దాని గుర్తులు. పుండుకూ మూత్రానికీ సంబంధం ఉందని తెలియని తల్లిదండ్రులు వైద్యుడికి పుండ్ల సంగతే చెప్పరు.

ఇక తామర. చెరువులో రాయి వేస్తే లేచే అలలా గుండ్రంగా విస్తరించే ఈ మచ్చకు అంచు ఎర్రగా, పొలుసులతో ఉంటుంది, నడుమ చర్మం తేరుకుంటూ ఉంటుంది. ఇది ఫంగస్ పని. ఒకప్పుడు నాలుగు వారాల పూతమందుతో పోయే తామర ఇప్పుడు నెలల తరబడి ఇంటిల్లిపాదినీ పీడిస్తోంది. కారణాల్లో ఒకటి మందుల షాపు కౌంటర్ మీదే దొరుకుతుంది. దురద అనగానే చేతికిచ్చే ట్యూబుల్లో చాలావాటిలో ఫంగస్ మందు, బ్యాక్టీరియా మందు, వాటితోపాటు బలమైన స్టెరాయిడ్ కలిసి ఉంటాయి. రాసిన రెండు రోజులకే ఎరుపూ దురదా తగ్గుతాయి. స్టెరాయిడ్ అక్కడి రోగనిరోధక చర్యను అణిచేయడం వల్ల ఫంగస్‌కు అడ్డు పోయి, అది చాటుగా పాకుతుంది. గుండ్రటి ఆకారం చెదిరిపోయి, వైద్యులే పోల్చుకోలేని రూపం వస్తుంది. 1968లోనే వైద్య పత్రికల్లో దీన్ని మారువేషంలో ఉన్న తామరగా వర్ణించారు.

భారత, నేపాల్ దేశస్థుల చర్మం నుంచి తీసిన నమూనాలలో జపాన్ పరిశోధకులు గుర్తించిన ఒక ఫంగస్‌కు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. పేరులో మన దేశం ఉన్నందుకు గర్వపడే సందర్భం కాదు. తామరకు ప్రధానమైన మందు టెర్బినఫిన్‌కు అది తరచూ లొంగదు. 2023లో న్యూయార్క్‌లోనూ ఈ కేసులు బయటపడ్డాయి. పూత స్టెరాయిడ్లను చీటీ లేకుండా అమ్మకూడదని మన ప్రభుత్వం 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అమలు ఎలా ఉందో తెలుసుకోవడానికి ఏ మందుల షాపు ముందైనా పది నిమిషాలు నిలబడితే చాలు. పిల్లల విషయంలో ప్రమాదం ఇంకా ఎక్కువ. బరువుతో పోలిస్తే వాళ్ల చర్మం విస్తీర్ణం పెద్దది, అందువల్ల మందు రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. డైపర్ కింద పూస్తే మరీనూ.

అలాగని స్టెరాయిడ్‌ను విషంలా చూడటమూ తప్పే. చిన్నపిల్లల బుగ్గల మీద, కాస్త పెద్దవాళ్ల మోచేతి, మోకాలి మడతల్లో ఎర్రగా పొడిబారి దురదపెట్టే ఎగ్జిమాకు తగిన బలం గల స్టెరాయిడ్, తగినన్ని రోజులు, సరైన మందే. దానితోపాటు గోరువెచ్చని నీళ్లతో కాసేపే స్నానం, ఒళ్లు పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ కావాలి. ఎగ్జిమా ఉన్న బిడ్డకు సున్నిపిండితో నలుగు పెట్టి రుద్దడం, సాంబ్రాణి పొగ పట్టడం కొన్నాళ్లు మానుకోవాలని అమ్మమ్మలకు మెల్లగా నచ్చజెప్పాలి.

వేసవిలో మెడ మడతల్లో, వీపు మీద వచ్చే చెమటకాయలకు మందే అక్కర్లేదు. స్వేదనాళాలు మూసుకుపోవడం వల్ల వస్తాయి కాబట్టి చల్లటి గాలి, పల్చటి నూలు బట్ట చాలు. దండిగా పౌడరు చల్లితే ఆ ధూళి పసివాడి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

బుగ్గల మీద పాలిపోయిన తెల్లమచ్చలు కనబడితే కడుపులో నులిపురుగులున్నాయని మందు పట్టించడం మన ఇళ్లలో ఆనవాయితీ. చాలావరకు అవి పొడిచర్మం వల్ల వచ్చి, నెలల్లో వాటంతటవే పోయే మచ్చలు. నులిపురుగుల మాత్ర వాటిని పోగొట్టదు. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే మాత్రం కుష్టు పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో దానికి చికిత్స ఉచితం.

జ్వరంతో వచ్చే పొక్కుల లెక్క వేరు. ఆటలమ్మ పొక్కులు ఒకేసారి మూడు దశల్లో ఉంటాయి. కొన్ని ఎర్రటి చుక్కలు, కొన్ని నీటి బుడగలు, కొన్ని పక్కులు. తట్టులో మూడు నాలుగు రోజుల జ్వరం, దగ్గు, ఎర్రబడ్డ కళ్ల తర్వాత దద్దు చెవుల వెనక మొదలై కిందికి దిగుతుంది. దీనికి 9 నెలలకు, మళ్లీ 16 నుంచి 24 నెలల మధ్య ఉచిత టీకా ఉంది. నోట్లో పుళ్లు, అరచేతుల్లో, అరికాళ్లలో బొబ్బలు వస్తే అది హ్యాండ్ ఫుట్ మౌత్ కావచ్చు. ఆటలమ్మ పోసినవారికి వేపాకు పరిస్తే నష్టం లేదు. స్నానం మాన్పించడంలో మాత్రం అర్థం లేదు, గోళ్లు కత్తిరించాలి కూడా. జ్వరానికి పారాసెటమాల్ చాలు. ఆస్పిరిన్ ఇస్తే కాలేయం, మెదడు దెబ్బతినే రీస్ సిండ్రోమ్ రావచ్చు.

పుస్తకాల్లో ‘ఎర్రగా’ అని రాసి ఉన్న మచ్చలు మన గోధుమ, చామనచాయ చర్మాల మీద ముదురు గోధుమరంగుగానో, ఊదాగానో కనిపిస్తాయి. వైద్యగ్రంథాల బొమ్మలన్నీ తెల్లచర్మానివే ఎందుకని లండన్‌లో వైద్యవిద్యార్థిగా ఉన్న మలోన్ ముక్వెండే అడిగాడు. నల్లటి, గోధుమ చర్మాల మీద లక్షణాలు ఎలా ఉంటాయో చూపే పుస్తకాన్ని 2020లో మరికొందరితో కలిసి తెచ్చాడు. రంగు తేలనప్పుడు అరచేతులు, అరికాళ్లు, కనురెప్పల లోపలి భాగం చూడాలి.

ఒక పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. పారదర్శకమైన గాజుగ్లాసును మచ్చ మీద అదిమి చూడాలి. నొక్కినా రంగు చెదరని మచ్చలుంటే చర్మం కింద రక్తం చిమ్మిందని అర్థం. దానితో జ్వరం, మగత, మెడ బిగుసుకోవడం లేదా ఆగని వాంతులు ఉంటే డెంగీ కావచ్చు, మెనింజైటిస్ కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మిగతా పొక్కులకు వైద్యుణ్ణి కలిసేటప్పుడు అప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి, మొదటిరోజు పొక్కులకు తీసిన ఫొటో ఉంటే అదీ చూపించండి. ట్యూబు మీది చిన్నక్షరాల్లో క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్ అన్న పేర్లలో ఏది కనిపించినా అది స్టెరాయిడ్. వైద్యుడు రాయకుండా ఇంటికొచ్చినదైతే బిడ్డకు పూయకండి. ఇప్పటికే వారాల తరబడి పూస్తుంటే ఎలా మానాలో వైద్యుణ్ణే అడగండి.