బొమ్మ మనది, బహుమతి ఎవరిది?

చేవెళ్ల: ఆదివారం వచ్చిందంటే బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్ల కింద కార్లు వరుసగా ఆగుతాయి. మెడలో కెమెరాలు వేసుకున్న పట్నం కుర్రకారు దిగుతారు. మొదట మర్రి ఊడలను ఫోటో తీస్తారు. తర్వాత రోడ్డు పక్కన గంపలో టమాటాలు పెట్టుకుని కూర్చున్న అవ్వను తీస్తారు. ఆ పైన మొయినాబాద్ వైపు తోటల్లోకి దిగి పూలు తెంపే కూలీలను, నెత్తిన గడ్డిమోపు ఎత్తుకుని వచ్చే ఆడవాళ్లను, చిరిగిన అంగీతో ఆడుకునే పిల్లలను తీసుకుని పొద్దు గుంకకముందే వెళ్లిపోతారు.

ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని వెనకటి పెద్దలు ముఖానికి కొంగు అడ్డం పెట్టుకునేవారు. ఆ భయం ఇప్పుడు లేదు. సెల్‌ఫోన్ లేని ఇల్లే లేదు కదా! మన అవ్వలు ఇప్పుడు అడిగేది ఒక్కటే: ‘‘మా ఫోటో మాకు ఇస్తవా బిడ్డా?’’ అని. ఇస్తామనే అంటారు. తెచ్చి ఇచ్చేవారు ఎందరో చెప్పనక్కరలేదు.

ఇంతకీ ఈ ఫోటోలన్నీ ఎక్కడికి పోతాయి? కొన్ని ఫోన్లలోనే ఉండిపోతాయి. కొన్ని పోటీలకు పోతాయి. వర్ధమాన దేశాల ప్రజల బతుకు, వారి ఆరోగ్యం అనే అంశాల మీద ఖండాంతరాల్లో ఫోటో పోటీలు జరుగుతాయన్న సంగతి మన ఊళ్లలో చాలామందికి తెలియదు. హాలెండు దేశంలో 1955లో మొదలైన వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీ వీటన్నిటిలోకీ పేరున్నది. పిల్లల సంక్షేమం చూసే యునిసెఫ్ సంస్థ జర్మనీ శాఖ 2000 సంవత్సరం నుంచి ఏటా ఒక మేలైన ఫోటోను ఎంపిక చేస్తున్నది. లండన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు 2019లో ఆరోగ్యం అంశంగా ఫోటో బహుమతి పెట్టింది. పేదల పొదుపులు, చిన్న అప్పులు అంశంగా వాషింగ్టన్‌లోని సీజీఏపీ అనే సంస్థ కూడా పోటీలు నడిపింది. మన డ్వాక్రా సంఘాల వంటి వాటి బొమ్మలు అలాంటి చోటికే చేరుతాయన్నమాట.

పోటీలు మంచివే. కాకపోతే ఒక ప్రశ్న ఉన్నది. రోగం మనది, కష్టం మనది. దాన్ని ఫోటో తీసిన వారికి బహుమతి వస్తుంది, చూసినవారికి జాలి కలుగుతుంది. మరి ఫోటోలో ఉన్న మనిషికి ఏమి వస్తుంది?

కరువు నాటి బొమ్మలు

కష్టంలో ఉన్నవారిని ఫోటో తీయడం ఇప్పుడు కొత్తగా వచ్చింది కాదు. మన హైదరాబాదులోనే నూటపాతికేళ్ల నాటి ముచ్చట ఉన్నది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో రాజా దీన్‌దయాళ్ అనే గొప్ప ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. రాజులు, వేటలు, దర్బారులు ఆయన కెమెరాకు చిక్కినవే. అయితే 1899, 1900 సంవత్సరాల గొడ్డు కరువులో నిజాం ఇలాకాలో కరువు పనులు నడిచినప్పుడు ఆ కూలీల బొమ్మలను తీసింది కూడా దీన్‌దయాళ్ కంపెనీ వారే. సర్కారు చేసిన మేలు పైవారికి చూపించడానికి తీసిన బొమ్మలవి. ఆ కూలీల పేర్లు ఎక్కడా లేవు.

అదే దీన్‌దయాళ్ 1892లో నగరంలో పరదా పాటించే ఆడవారి కోసం వేరుగా ఒక స్టూడియో తెరిచాడు. మగవాడు లోపలికి రాకుండా, ఒక దొరసాని చేత ఫోటోలు తీయించే ఏర్పాటు చేశాడు. అంటే పెద్దింటి ఆడవారి మర్యాదకు అంత జాగ్రత్త. కరువు పనిలో తట్ట మోసే ఆడమనిషికి ఆ మర్యాద ఎవరు చేశారు? ఈ తేడా నేటికీ పూర్తిగా పోలేదన్నది గమనించాలి.

పోటో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన రోజులు

ఫోటో వల్ల మేలు జరగదని ఎవరూ అనుకోనక్కరలేదు. మశూచి సంగతే చూడండి. యాభై ఏళ్లు దాటిన వారికి జబ్బ మీద టీకా మచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది. 1970 దశకంలో ఆ రోగాన్ని దేశం నుంచి తరిమేటప్పుడు ఆరోగ్య కార్యకర్తల చేతిలో సూదితో పాటు ఒక కార్డు ఉండేది. ఆ కార్డు మీద ఒళ్లంతా పొక్కులతో ఉన్న పసిబిడ్డ ఫోటో. అది పట్టుకుని ఊరూరా, ఇల్లిల్లూ, అంగడి అంగడీ తిరిగి ‘ఇలాంటి బిడ్డ ఎక్కడైనా ఉన్నదా?’ అని అడిగేవారు. చదువు రాని వారికి కూడా బొమ్మ చూడగానే అర్థమయ్యేది. ఆచూకీ చెప్పినవారికి రొక్కం బహుమానం ఉండేది, చివరికి వచ్చేసరికి అది వెయ్యి రూపాయల దాకా పెరిగింది. ఆ రోజుల్లో వెయ్యి అంటే మాటలా? 1975 మే నెల తర్వాత మన దేశంలో మశూచి కేసు లేదు. 1977లో దేశం నుంచి పోయిందని ధ్రువపరిచారు.

ఆ కార్డుకు ఏ పోటీలోనూ బహుమతి రాలేదు. ప్రపంచ ఆరోగ్యానికి దానంత పని చేసిన ఫోటో మరొకటి ఉన్నదా అంటే ఈ విలేకరికి అనుమానమే.

ఇక బహుమతి వచ్చిన ఫోటో ఒకటి చెప్పుకోవాలి. 1984 డిసెంబరులో భోపాల్ గ్యాస్ దుర్ఘటన జరిగినప్పుడు, మట్టిలో పూడ్చుతున్న ఒక పసిబిడ్డ ముఖాన్ని పాబ్లో బార్తొలొమ్యూ తీశాడు. ఆ సంవత్సరానికి వరల్డ్ ప్రెస్ ఫోటో పెద్ద బహుమతి దానికే వచ్చింది. అదే బిడ్డను రఘురాయ్ కూడా తీశాడు. ఆ బొమ్మలు చూసి లోకం కంటనీరు పెట్టింది. ఆ బిడ్డ ఎవరి బిడ్డో మాత్రం లోకానికి తెలియలేదు.

నల్లగొండ నీళ్లు

మన పక్క జిల్లాకే వద్దాం. నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయినవారి ఫోటోలు పత్రికల్లో, ప్రదర్శనల్లో దేశమంతా తిరిగాయి. బోరు నీళ్లలో ఉన్న ఫ్లోరైడు ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుంటుంది. పళ్లు పచ్చబడతాయి, కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగుతుంది. ఒకసారి వంగిన ఎముక మళ్లీ తిన్నగా కాదు. మందు లేదు, మంచినీళ్లు ఒక్కటే మార్గం.

ఆ ఊళ్లలో శివన్నగూడెం వాసి అంశాల స్వామి. 2003లో ఢిల్లీలో ఆయనను నాటి ప్రధాని వాజపేయి బల్ల మీద కూర్చోబెట్టి జిల్లా గోడు వినిపించారు. ఫోటో చూపించకుండా మనిషినే చూపించారన్నమాట. దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి పోరాటం అందరికీ తెలిసినదే. తర్వాత కృష్ణా నీళ్లు కుళాయిల్లో వచ్చాయి. స్వామి 2023 జనవరిలో చనిపోయాడు. జిల్లాలో ఫ్లోరైడు బాధితులు ఎందరో ఉన్నా, స్వామి పేరు అందరికీ తెలుసు. ఎందుకంటే ఆయన కేవలం బొమ్మగా ఉండిపోలేదు, నోరు తెరిచి మాట్లాడాడు.

పేరు లేని బొమ్మకు పట్టే గతి వేరు. 1984లో పెషావర్ దగ్గర శరణార్థుల శిబిరంలో స్టీవ్ మెకర్రీ అనే అమెరికా ఫోటోగ్రాఫర్ ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ పిల్లను ఫోటో తీశాడు. మరుసటేడు జూన్‌లో నేషనల్ జియోగ్రఫిక్ పత్రిక ముఖచిత్రంగా వేసింది. ప్రపంచంలో ఆ ముఖం చూడనివారు లేరంటే అతిశయోక్తి కాదు. చూడనిది ఒక్కరే, ఆ ఫోటోలో ఉన్న షర్బత్ గులా! పదిహేడేళ్ల తర్వాత, 2002లో వెతుక్కుంటూ పోయి చూపిస్తేనే ఆమె తన బొమ్మను మొదటిసారి చూసింది. అప్పటికి ఆమె పిల్లల తల్లి.

సంఘం షాట్

ఈ విషయంలో లోకానికి దారి చూపినవారు మనకు దగ్గరలోనే ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉన్నది. పి.వి. సతీష్ మొదలైనవారు 1980 దశకంలో నెలకొల్పిన ఈ సంస్థలో సంఘం మహిళలంతా ఎక్కువగా దళితులు, చిన్న కమతాల వారు. జొన్న, కొర్ర, పప్పు ధాన్యాలు పండించుకుంటూ విత్తనాలు కాపాడుకునేవారు. చదువు రాని ఈ మహిళలు 1990ల చివరి నాటికే వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. బీటీ పత్తి వేసి నష్టపోయిన వరంగల్ రైతుల బాధను తామే సినిమాగా తీసి విదేశాల్లోనూ చూపించారు. మాచునూరులో 2008 అక్టోబరు 15న వారి సంఘం రేడియో కూడా మొదలైంది. 2019లో ఈ సొసైటీకి ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

వీరి శిక్షణలో ఒక ముచ్చట ఉన్నది. కెమెరాను పైన పెట్టి కింద ఉన్న మనిషిని తీస్తే దానికి వారు పెట్టిన పేరు ‘పటేల్ షాట్’. గడీ అరుగు మీద నుంచి పటేలు కిందికి చూసే చూపు అది. కింద కూర్చుని పైకి తీస్తే కాళ్ల దగ్గర కూర్చున్న కూలిమనిషి చూసే చూపు. ఎదురెదురుగా, కళ్లలో కళ్లు కలిపి తీస్తే అది ‘సంఘం షాట్’. సంఘంలో అందరూ గుండ్రంగా ఒకే చాప మీద కూర్చుంటారు కనుక ఆ పేరు. ఫోటోగ్రఫీ పుస్తకాలన్నీ తిరగేసినా ఇంత సులువుగా చెప్పినవారు దొరకరు.

పోటీల్లో బహుమతులు తెచ్చుకునే పేదల ఫోటోలు చూస్తే చాలావరకు పటేల్ షాట్‌లేనని మీకే తెలుస్తుంది. నేల మీద కూర్చున్న బిడ్డ, పై నుంచి కెమెరా, ఎత్తి చూస్తున్న కళ్లు.

అలా కాకుండా పల్లెను పల్లెగా చూసినవారు లేకపోలేదు. వరంగల్లు బిడ్డ గుడిమల్ల భరత్ భూషణ్ దశాబ్దాల తరబడి తెలంగాణ పల్లెల గడపలను, బతుకమ్మలను, కష్టజీవుల ముఖాలను తీశాడు. కేన్సరుతో పోరాడుతూనే ప్రదర్శనలు పెట్టాడు. 2022 జనవరి 31న కన్నుమూశాడు. ఆయన తీసిన ముసలమ్మలను చూస్తే జాలి కలగదు, పలకరించాలనిపిస్తుంది.

మనం చేయవలసింది

మొయినాబాద్, చేవెళ్లలో ఇప్పుడు మెడికల్ కాలేజీలు ఉన్నాయి. వైద్య విద్యార్థి ఒక్కొక్కరు కొన్ని పల్లె కుటుంబాలను దత్తత తీసుకుని ఆరోగ్యం చూడాలనే పద్ధతి 2022 నుంచి దేశమంతటా వచ్చింది. అది మంచి పద్ధతి. బీపీ, షుగరు ఇంటి దగ్గరే చూస్తారు. వారి చేతుల్లోనూ ఫోన్లు ఉంటాయి. వారైనా, ఆదివారం కెమెరాల వారైనా ఫోటో తీస్తామంటే అడగడానికి మొహమాటపడవద్దు. ఎందుకు తీస్తున్నారు? ఎక్కడ వేస్తారు? కింద ఏమి రాస్తారు? పోటీకి పంపితే మాకు తెలియజేస్తారా? ఇవి అడిగితే మంచివారు ఎవరూ కోపం చేసుకోరు. పిల్లల ఫోటోలకు తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలని చాలా పోటీల నిబంధనల్లోనే ఉంటుంది. వద్దు అని చెప్పే హక్కు మీకు ఉన్నది. దవాఖానా మంచం మీద ఉన్నప్పుడు కూడా ఉన్నది.

కొన్నిచోట్ల చట్టమే అడ్డం నిలుస్తుంది. ఎయిడ్స్ రోగి వివరాలు అతని అనుమతి లేకుండా బయటపెట్టరాదని 2017 చట్టం చెబుతున్నది. అత్యాచారానికి గురైన పిల్లల ఫోటో, పేరు, ఊరు వేయడం 2012 పోక్సో చట్టం ప్రకారం నేరం.

తీసేవారి సంగతి అలా ఉంచితే, మన పిల్లలే ఎందుకు తీయకూడదు? ఇంటర్ చదివే పిల్లల చేతిలో ఉన్న ఫోన్‌తో కూడా మంచి ఫోటో వస్తుంది. మన రెండు మండలాల్లో ఆరోగ్యం మీద తీయవలసినవి ఎన్ని లేవు? ముక్కుకు గుడ్డ కూడా లేకుండా టమాటా తోటలో మందు కొట్టే రైతును తీయవచ్చు. టీకా డబ్బా భుజాన వేసుకుని ఎర్రటి ఎండలో తండాకు నడిచిపోయే ఏఎన్ఎంను తీయవచ్చు. బాలింత ఇంటికి పోయి బిడ్డను తూకం వేసే ఆశా కార్యకర్తను తీయవచ్చు. ఈ ఆశా కార్యకర్తలకు 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ గౌరవ పురస్కారం ప్రకటించిందని మన ఊళ్లలో ఎందరికి తెలుసు? ముగ్గురు మనుమలను పక్కన కూర్చోబెట్టుకుని జొన్నరొట్టె చేసే అమ్మమ్మను తీయవచ్చు. అది కూడా ఆరోగ్యమే.

ఏటా ఆగస్టు 19న ప్రపంచ ఫోటోగ్రఫీ దినం వస్తుంది. 1839లో ఫ్రాన్సు ప్రభుత్వం ఫోటో తీసే విధానాన్ని లోకానికి ఉచితంగా ఇచ్చిన రోజు అది. ఆ సందర్భంగా మన రాష్ట్రంలోనూ పోటీలు, ప్రదర్శనలు జరుగుతుంటాయి. హైస్కూలు, జూనియర్ కాలేజీ మాస్టర్లు పూనుకుంటే పిల్లల చేత నెల ముందు నుంచే తీయించవచ్చు. రుసుము లేని పోటీలు ఉన్నాయి, రుసుము గుంజే పోటీలూ ఉన్నాయి. పంపిన ఫోటో మీద హక్కంతా తమదేనని మూల ఎక్కడో చిన్న అక్షరాల్లో రాసేవారూ ఉంటారు. నిబంధనలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి కనుక పంపేముందు ఊళ్లో ఇంగ్లీషు వచ్చినవారి చేత పూర్తిగా చదివించుకోవడం మేలు. ఫోటో వెనుక మాత్రం అందులో ఉన్న మనిషి పేరు, ఊరు, చేసే పని వారినే అడిగి తెలుగులో రాయండి.