ఊరి గాదె

సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదు అను చిన్న పట్టణము కలదు. దాని చుట్టునున్న పల్లెలలో ఎర్రని, పలుచని నేలలు పెక్కు. ఆ పొలములకు చాలవరకు వానయే ఆధారము. వాన తప్పినచో పంట లేదు. పంట లేనిచో పనియు లేదు. తొలకరి మొదలు క్రొత్తపంట ఇంటికి వచ్చువరకు గల నెలలు పేదలకు మిక్కిలి కష్టకాలము. ఇంటిలోని గింజలు నిండుకొనగా, వారు అప్పు చేసియో, ఊరు విడిచియో పొట్ట పోసికొనెడివారు.

1983లో ఏర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అను సంస్థ పస్తాపూరు కేంద్రముగా ఈ పల్లెలలో పనిచేసెను. పేద స్త్రీలు, అందును ముఖ్యముగా దళిత స్త్రీలు, సంఘములుగా కూడిరి. తమ కష్టమునకు మూలమేమని వారు ఆలోచించిరి. తినుటకు ధాన్యము దూరమునుండి రావలసియున్నది. తమ భూములో, పెట్టుబడి లేక బీడుపడియున్నవి! ఈ రెండు చిక్కులకును ఒక్కటే ఉపాయము వారికి తోచెను.

1990ల మధ్యకాలమున దానిని ఆచరణలో పెట్టిరి. బీడు దున్నుటకును, ఎరువు తోలుటకును రైతులకు అప్పిచ్చిరి. ఆ అప్పును రూపాయలతో గాక, జొన్నలతో కొన్ని యేండ్లలో తీర్చవలెను. అట్లు చేరిన ధాన్యమును ఊరిలోనే నిలువచేసి, కష్టకాలమున తక్కువ ధరకు పేదలకు అమ్మిరి. ఎవరెంత పేదలో ఊరివారే కూడి నిర్ణయించిరి. మిక్కిలి పేదవారికి ఎక్కువ ధాన్యము లభించెను.

ఒక్క పంటనే నమ్ముకొనుట వారి పద్ధతి కాదు. జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర మొదలగువానిని ఒకే చేనిలో కలిపి విత్తుదురు. వాన త్వరగా ఆగినచో, తక్కువ కాలమున పండు పెసర, కొర్ర చేతికి వచ్చును. వాన ఆలస్యముగా కురిసినచో, లోతుగా వేరుపారు కంది నిలుచును. పప్పుధాన్యములు నేలకు సారమునిచ్చును. జొన్నచొప్ప పశువులకు మేతయగును. ఏ యేడు ఎట్లున్నను ఏదో యొక పంట ఇల్లు చేరును.

విత్తనములను సహితము వారు దాచుకొందురు. మేలైన వెన్నులను ఏరి, ఎండబెట్టి, గింజలలో బూడిదయు వేపాకును కలిపి, బుట్టలలో పోసి మట్టితో మూతి మెత్తుదురు. విత్తనము లేనివారు సంఘమువద్ద తీసికొని, పంట వచ్చిన పిమ్మట రెట్టింపు కొలుతురు. సంక్రాంతినాడు ఈ విత్తనములను ఎడ్లబండ్లపై ఊరూర త్రిప్పుచు పాతపంటల జాతరయు ప్రారంభించిరి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారు ఈ సంస్థకు ఈక్వేటర్ బహుమానమునిచ్చిరి.

2020లో కరోనా వ్యాధివలన దారులు మూతపడినప్పుడు, దూరపు సరకును నమ్ముకొన్న పట్టణములెన్నియో కలవరపడినవి. పల్లెకైనను, చిన్న పట్టణమునకైనను చేరువలో పండిన గింజయే మొదటి అండ. వానను కురిపించుట మనుష్యుని వశము గాదు. కురిసిన వానతో పండిన గింజను దాచుటయు, పొరుగువానితో పంచుకొనుటయు అతని వశమే.