బైబిలు కథలు – బాలల అభిరుచి

కథ యన్నచో చెవి యొగ్గని బాలుడు లేడు. అయినను బైబిలు కథలను చదువుమని గ్రంథమును చేతికిచ్చినచో, పెక్కుమంది బాలలు రెండు పుటలు త్రిప్పి మూసివేయుచున్నారు. లోపము కథలలో లేదు. వానిని మనము అందించు పద్ధతిలోనే కలదని మా అభిప్రాయము.

బైబిలు తెలుగునకు క్రొత్తది కాదు. జర్మను దేశీయుడగు బెంజమిను షుల్జు మదరాసులో నివసించుచు 1730 ప్రాంతమున దానిని తెనిగించెను గాని, ఆ అనువాదము అచ్చు కాలేదు. విశాఖపట్టణమున డెస్ గ్రాంజెసు, ఆనందరాయరు కలిసి తెనిగించిన సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడినవి. నాటినుండి ఎన్నియో తెలుగు పల్లె మాటలు ఈ గ్రంథమున చోటు చేసికొన్నవి.

ఆ మాటలే నేడు మన బాలలకు అడ్డుగోడలైనవి. 2006లో వచ్చిన శాసనము ననుసరించి తమిళనాడు పాఠశాలలలో తమిళము తప్పనిసరి యైనది. రాష్ట్రభాషను నేర్చుట మేలే. కాని తెలుగు చదువునకు దొరకు వేళ తగ్గిన కొలది మాటలును జారిపోవుచున్నవి. వితంతువగు రూతు తన అత్తను పోషించుటకై పొలమున పరిగె యేరుకొనెను. కోత కోయువారి వెనుక మిగిలిన వెన్నులే పరిగె. దావీదు వడిసెలతో రాయి విసరి గొల్యాతును కూల్చెను. చేలలో పిట్టలను తోలుటకు మన రైతులు వాడినదియు వడిసెలయే. ఈ మాటలు తెలియని బాలునకు కథ రుచింపదు. కోతకు వచ్చిన వరిచేని గట్టున నిలిపి చెప్పినచో, కథయు మాటయు రెండును వానికి దక్కును.

కనుక మొదట కథను నోట చెప్పవలెను, పిమ్మట చదివింపవలెను. తెలిసిన దానినుండి తెలియని దానికి కొనిపోవలెను. సీమోను అను జాలరి రాత్రియంతయు శ్రమించియు ఒక్క చేపయు దొరకక, ఒడ్డున వలలు కడుగుకొనుచుండెను. మనకు తూర్పుననున్న పులికాటు సరస్సు ఒడ్డున వలలను చూచిన బాలునకు ఆ నిరాశను వివరింప నక్కరలేదు. గలిలయ సరస్సు మంచినీటిదనియు, పులికాటున ఉప్పునీరు కలియుననియు చెప్పినచో భూగోళమును కొంత తెలియును.

కథను తగిన చోట ఆపుటయు నొక నేర్పు. ఇద్దరు స్త్రీలు ఒకే బిడ్డను తమదే యనిరి. బిడ్డను రెండు ముక్కలు చేయుడని సొలొమోను కత్తి తెప్పించెను. అచట ఆపి, "నిజమైన తల్లి యిపుడేమనును?" అని అడుగవలెను. పిల్లలు తమలో తాము వాదించుకొని జవాబు చెప్పుదురు. బౌద్ధుల జాతక కథలలో ఇట్టి తీర్పే మహోషధుడు చెప్పెను; దానిని జతచేసినచో ఆసక్తి ఇనుమడించును.

నీతిని మనమే ముందుగా చెప్పివేయరాదు. బాలుడు తానే కనుగొనవలెను. పరీక్షయు, నిర్బంధమును కూడదు. ఏ మతమువారి బిడ్డయైనను కథను కథగా వినవచ్చును.

వారమున కొక కథ చాలును. మరునాడు బాలుడు దానిని ఇంట తల్లికో, నాయనమ్మకో తన మాటలలో తెలుగున చెప్పవలెను. మరచిన చోట పెద్దలు అందింపవలెను. అట్లు చెప్పగలిగిన బాలుడు, గ్రంథమును తెరువుమని మనము కోరకమునుపే తెరచును.