పగ కథలపై మక్కువ: కొరియా నాటకములు, మన భారతము

మూకండపల్లియందును, చుట్టుపట్ల హోసూరు వీధులయందును సాయంకాలమగుసరికి ఒక వింత కానవచ్చుచున్నది. పాఠములు ముగించిన పిల్లలు సెల్‌ఫోను చేతబట్టి కొరియా దేశపు టెలివిజను నాటకములు చూచుచున్నారు. కొన్ని ఇండ్లలో తల్లులును వారి ప్రక్కన చేరుచున్నారు. అందును నేరము, పరిశోధన, పగ తీర్చుకొనుట వస్తువుగా గల కథలు మొదలైనచో నడుమ లేచువారుండరు. “ఎక్కడి కొరియా, ఎక్కడి మూకండపల్లి! నిద్ర మానుకొని చూచుటకు ఆ కథలలో ఏమున్నది?” అని పెద్దలు అడుగుచుందురు. ఆ ప్రశ్నకు మాకు తోచిన సమాధానమును చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మొదట భాష సంగతి. ఇంట తెలుగు, వీధిలో తమిళము, అత్తిబెలె దాటినచో కన్నడము వినుచు పెరిగిన మన పిల్లలకు మరియొక భాష చెవిని బడుట క్రొత్త గాదు. కొరియా పిల్లలు తండ్రిని ‘అప్పా’ యనియు, తల్లిని ‘ఒమ్మా’ యనియు పిలుతురు. మన భాషలయందువలెనే వారి వాక్యమునకును క్రియ చివరనే వచ్చును. ఇట్టి పోలికలు విని పిల్లలు మురిసిపోవుచున్నారు. దీనిబట్టి రెండు భాషలును ఒక తల్లి బిడ్డలని మాత్రము తలంపరాదు. వినుటకు ఇంపుగా నుండుటకు ఈపాటి పోలిక చాలును. మాట తెలియనిచో తెలుగు తమిళ అనువాద స్వరములైన, తెరక్రింది అక్షరములైన తోడ్పడుచున్నవి.

రెండవది కథ నడక. మన సీరియళ్లు ఏండ్ల తరబడి సాగుచుండగా, కొరియా నాటకము సాధారణముగా పదునారు భాగములలో ముగియును. ఒక్కొక్క భాగము ఇంచుమించు ఒక గంట. మొదటి భాగమున నాటిన విత్తు చివరి భాగమున ఫలించితీరవలెను గనుక, రచయిత ఆది నుండియే తుది నెఱిగి వ్రాయును. చూచువానికిని తన ఓపిక వృథా కాదను నమ్మకము కలుగును.

ఇక అసలు ఆకర్షణను ఒక ఉదాహరణముతో చూతము. కిమ్ ఉన్‌సుక్ అను రచయిత్రి వ్రాసిన ‘ది గ్లోరీ’ అను నాటకము 2022 డిసెంబరు 30న ఎనిమిది భాగములుగను, 2023 మార్చి 10న తక్కిన ఎనిమిది భాగములుగను వెలువడెను. మూన్ డాంగ్‌ఉన్ అను బీదపిల్లను బడిలో కలవారి పిల్లలు హింసించి, ఒడలు కాల్చిరి. ఆమె ఉపాధ్యాయునితో చెప్పుకొనగా అతడు ఆమెనే కొట్టెను. పోలీసులు పట్టించుకొనలేదు. కన్నతల్లి డబ్బు పుచ్చుకొని నోరు మూసుకొనెను. ఆ పిల్ల బడి మానెను; కర్మాగారమున పని చేయుచునే చదివి ఉపాధ్యాయిని యయ్యెను; తన్ను హింసించినదాని కూతురు చదువు తరగతికే పంతులమ్మగా చేరెను. సాంగ్ హే క్యో ఆ పాత్రను ధరించెను. ఇందు కత్తి లేదు, తుపాకి లేదు. ఓర్పు, లెక్క, తెలివి మాత్రమే ఆమె ఆయుధములు. బలహీనుడు బలవంతుని బుద్ధిచేత గెలుచుట చూచి సంతోషింపని వారెవరు?

ఈ కథ కేవలము కల్పన గాదు. బడిపిల్లల హింస కొరియాలో పెద్ద సమస్య. 2023 ఫిబ్రవరిలో ఆ దేశపు జాతీయ దర్యాప్తు సంస్థకు అధిపతిగా నియమింపబడిన యొకరు, తన కుమారుడు పూర్వము బడిలో తోడి విద్యార్థిని బాధించిన సంగతి పైకి రాగా, మరునాడే ఆ పదవి వదలుకొనవలసి వచ్చెను.

కిమ్ ఉన్‌హీ వ్రాసిన ‘సిగ్నల్’ 2016 నాటి నాటకము. ఒక పాత వాకీటాకీ ద్వారా నేటి పోలీసు అధికారియు, గతకాలపు అధికారియు మాటలాడుకొని, తేలని హత్యల గుట్టు విప్పుదురు. దీని వెనుకను నిజమైన దుఃఖము గలదు. హ్వాసంగ్ అను ప్రాంతమున 1986 మొదలు 1991 వఱకు పదిమంది స్త్రీలు హత్య గావింపబడిరి. అందొక హత్యకు నిరపరాధి యొకడు దాదాపు ఇరువది యేండ్లు చెరలో నుండెను. 2019లో డి.ఎన్.ఏ. పరీక్షవలన అసలు హంతకుడు తేలెను. వాడు అప్పటికే వేఱొక హత్యకు జైలులో నుండెను. అయినను ఈ హత్యలకు వానిని శిక్షించుటకు వీలు లేకపోయెను. ఏలయన, హత్య జరిగి పదునైదేండ్లు గడచినచో విచారణ కూడదని నాటి కొరియా చట్టము. నిరపరాధి నిర్దోషియని కోర్టు తీర్పు చెప్పుసరికి 2020 డిసెంబరు వచ్చెను.

ఆ గడువును 2007లో ఇరువదియైదేండ్లకు పెంచిరి. 1999లో దేగు నగరమున ఆమ్లదాడివలన మరణించిన ఒక ఆరేండ్ల బాలుని పేర, 2015లో హత్యలకు ఆ గడువునే ఎత్తివేసిరి. కాని ఆ బాలుని కేసు గడువు అంతకుమునుపే తీరిపోయినందున, వాని తల్లిదండ్రులకు దానివలన ఫలము దక్కలేదు. మన దేశమున హత్యవంటి ఘోర నేరములకు ఇట్టి గడువు లేదు. తీరని అన్యాయము గుండెలో గూడు కట్టుకొనుటను కొరియావారు ‘హన్’ అందురు. చట్టము ఆలస్యమైన చోట ఆ గూటినుండియే పగ కథ పుట్టుచున్నది.

ఇట్టి కథలు మనకు క్రొత్తవా? కృష్ణగిరి, ధర్మపురి, చిత్తూరు సీమలలో ద్రౌపదమ్మ తిరునాళ్లు చూచినవారు ‘కావు’ అందురు. పగలు భారత ప్రవచనము, రాత్రి వీధినాటకము, అనేక చోట్ల పదునెనిమిది దినములు! కడపటి దినమున మైదానమందు మట్టితో పెద్ద దుర్యోధనుని ప్రతిమను పరుండబెట్టుదురు. భీముడు తొడ విఱుగగొట్టును. ద్రౌపది ఆ నెత్తురు పూసుకొని, విరబోసుకొన్న జుట్టు ముడుచుకొనును. దానిని చూచుటకు ఊళ్లకు ఊళ్లు కదలి వచ్చును. తమిళము మాటలాడువారును, తెలుగు మాటలాడువారును ఒక్కటే ఊపిరి బిగబట్టి చూతురు. సెల్‌ఫోనులోని పదునారు భాగములకు మనవారు మక్కువ పడుటలో ఆశ్చర్యమేమున్నది?

రెండు కథలకును మొదలొక్కటే. నిండు సభలో ద్రౌపది న్యాయమడిగినపుడు భీష్మాదులు సరియైన సమాధానమీయలేకపోయిరి. డాంగ్‌ఉన్ అడిగినపుడు ఉపాధ్యాయుడును, తల్లియు నోరు మెదపలేదు. పగకు విత్తనము దుష్టుని క్రూరత్వము మాత్రమే గాదు. పెద్దల మౌనము కూడ.

మఱి తుది యెట్లుండును? తిక్కన సోమయాజి తెనుగున రచించిన సౌప్తిక పర్వము దీనికి ఉత్తరమిచ్చును. తండ్రిని చంపిరను పగతో అశ్వత్థామ అర్ధరాత్రి నిద్రించుచున్న ద్రౌపదీ కుమారులను చంపెను. జుట్టు ముడుచుకొన్న తల్లికి బిడ్డలు మిగులలేదు. డాంగ్‌ఉన్‌కును అంతే. భవనములు నిర్మించు శిల్పి కావలెనని కలగన్న పిల్ల తన యౌవనమునంతయు శత్రువుల జాడ తీయుటకే వెచ్చించినది. మంచి పగ కథ గెలుపును చూపుటతో ఆగక, దానికి చెల్లించిన వెలను గూడ చూపును. అట్లు చూపని కథను చూడకున్నను నష్టము లేదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ‘ది గ్లోరీ’, 2021 నాటి ‘స్క్విడ్ గేమ్’ వంటివి కొరియాలోనే పెద్దలకు మాత్రమే యని నిర్ణయింపబడినవి. చిన్నపిల్లలకు వానిని చూపరాదు. ఎదిగిన పిల్లలు తగిన నాటకము చూచునపుడు ప్రక్కన కూర్చుండి, “ఆ పిల్ల మొదట ఎవరికి చెప్పినది? వారేమి చేసిరి?” అని అడుగుడు. అప్పుడు బిడ్డ తన బడి సంగతియు చెప్పవచ్చును.

విద్యార్థులారా! భాషనుబట్టియో, ఉచ్చారణనుబట్టియో, బీదతనమునుబట్టియో తోడివానిని వెక్కిరించుట తమాషా యని తలంపకుడు. మీరు బాధపడుచున్నచో పగ పెంచుకొనక ఇంట చెప్పుడు, ఉపాధ్యాయులకు చెప్పుడు; వారు వినకున్నచో బాలల సహాయమునకు 1098 అను ఫోను సంఖ్య గలదు. తోడివాడు బాధపడుట చూచినచో మౌనముగా నుండకుడు. మొదటి దినముననే ఒక్కరు నోరు విప్పియుండినచో, పదునారు భాగముల పగకు చోటుండెడిది కాదు.